వాటర్‌ప్రూఫ్ బూట్లూ, మా గోదారి నీళ్ళూ

వాటర్‌ప్రూఫ్ అని రాసి అమ్మే ప్రతి రైడింగ్ బూటుకీ పైన ఒక పెద్ద కన్నం ఉంటుంది. మనం కాలు పెట్టేది అందులోంచే. ఈ మాట షాపువాళ్ళు చెప్పరు. యూట్యూబులో బకెట్లో కాలు ముంచి చూపించేవాళ్ళూ చెప్పరు, వాళ్ళు ముంచేది చీలమండ దాకానే. మా వైపు వాన ప్యాంటు మీద పడి, మోకాలి దగ్గర్నించి కారి, సాక్సు పట్టుకుని తిన్నగా బూటులోకి దిగుతుంది. ఆ బూటు ఎంత బాగా వాటర్‌ప్రూఫ్ అయితే, దిగిన నీళ్ళని అంత బాగా లోపలే దాచిపెడుతుంది.

నేను రొయ్యల మేత కంపెనీలో ఫీల్డ్ టెక్నీషియన్ని. ఉండేది రాజోలు. మలికిపురం, సఖినేటిపల్లి, అంతర్వేది చుట్టుపక్కల చెరువులు చూసుకుంటాను. అప్పుడప్పుడూ పంటు, అంటే బండ్లని కూడా గోదారి దాటించే పెద్ద పడవ, ఎక్కి నరసాపురం దాటి మొగల్తూరు వైపు కూడా వెళ్ళాలి. బండి స్ప్లెండర్. ఈ బండికి రైడింగ్ బూట్లేంటని నవ్వినవాళ్ళకి లెక్కలేదు. చెరువు రైతు ఒకాయన, వరసకి బాబాయ్ అవుతాడు, మొదటిసారి చూసి "ఏరా అబ్బాయ్, మిలట్రీలో గానీ చేరావేంటి?" అన్నాడు. "బండి వంద కేజీల పైనే ఉంటది బాబాయ్. కాలి మీద పడేటప్పుడు అది బుల్లెట్టా స్ప్లెండరా అని చూసుకుని పడదు కదా" అన్నాను. "అదీ నిజమేలే" అని ఏరేటర్ స్విచ్చు వెయ్యడానికి పోయాడు.

మా దగ్గర బండ్లు పడేది ఎక్కువగా స్పీడు మీద కాదు. దాళ్వా (రెండో పంట) కోతలప్పుడు సగం రోడ్డంతా వడ్లు ఆరబోసి ఉంటాయి. నాట్లప్పుడు దమ్ము చక్రాల ట్రాక్టరు చేలోంచి రోడ్డెక్కి, తారు మీద బురద పూసుకుంటూ పోతుంది. దాని మీద నాలుగు చినుకులు పడ్డాయా, కాలవ గట్టు మలుపులో ముందు చక్రం ఉన్నట్టుండి తప్పుకుంటుంది. నలభైలో ఉన్నా సరే, బండి పక్కకి ఒరిగి కాలు ఇంజనుకీ రోడ్డుకీ మధ్య పడుతుంది. చీలమండ దగ్గర ఎముక మీద చర్మం తప్ప మాంసం లేదు. అందుకని బూటు కొనేటప్పుడు నా లెక్కలో నీళ్ళు చివరికొస్తాయి. ముందు చీలమండ, తర్వాత అట్ట (బూటు కింద సోలు), ఆ తర్వాత రోజంతా వేసుకోగలమా లేదా అన్నది.

చీలమండ సంగతి తెలుసుకోవడానికి బూటు లోపల కుట్టిన చిన్న లేబుల్ చూడాలి. బైకు మీద మనిషి బొమ్మ, దాని దగ్గర ఈఎన్ 13634 అని, 2017 అని ఉంటుంది. అది మోటార్‌సైకిల్ బూట్లకి ఐరోపా వాళ్ళ ప్రమాణం. నాలుగు అంకెలుంటాయి, ఒక్కోటీ 1 గానీ 2 గానీ. వరసగా చూస్తే మొదటిది బూటు ఎత్తు, రెండోది రోడ్డు మీద ఈడ్చుకుపోతే ఎంతసేపు ఆగుతుందన్నది, మూడోది కోతకి తట్టుకోవడం, నాలుగోది అడుగు భాగాన్ని రెండు పక్కల్నించీ నొక్కితే నలగకుండా ఉండటం. బండి కింద ఇరుక్కున్న పాదానికి అన్నిటికన్నా ముఖ్యం ఆ నాలుగోదే. పక్కన ఐపీఏ అని ఉంటే చీలమండకి, ఐపీఎస్ అని ఉంటే మోకాలి కింద ముందు ఎముకకి దెబ్బ తగ్గించే ప్యాడ్ పరీక్షకి నిలబడిందని. డబ్ల్యూఆర్ అంటే నీటి పరీక్ష కూడా పాసయిందని. ఆ రెండక్షరాలు లేకుండా అట్టపెట్టె మీద వాటర్‌ప్రూఫ్ అని ఎంత పెద్దగా రాసినా, అది అమ్మేవాళ్ళు చెప్పుకునే మాటే.

లేబుల్ లేకపోతే చేతులున్నాయి. ముందు భాగం ఒక చేత్తో, మడమ ఒక చేత్తో పట్టుకుని తడి తువ్వాలు పిండినట్టు మెలితిప్పండి. సులువుగా తిరిగిపోతే అది నడకకి పనికొచ్చే బూటు, పడటానికి కాదు. బొటనవేలితో ముక్కు మీదా మడమ వెనకా గట్టిగా నొక్కితే లోపలికి పోకూడదు. చీలమండ దగ్గర గట్టి చిప్ప బయటివైపే కాదు, ఇంజనువైపు కూడా ఉండాలి. చాలా చవక బూట్లలో బయటివైపు చిప్ప ఆకారంలో ఉబ్బెత్తుగా కుట్టి, లోపల ఉత్త స్పాంజి పెడతారు. వేలితో నొక్కితే తెలిసిపోతుంది.

"ఇంత గొడవెందుకు, గంబూట్లు వేసుకో" అనే సలహా కూడా వస్తుంటుంది. చెరువు గట్టు మీద గంబూటుకి మించింది లేదు. బండి మీద మాత్రం వద్దు. వదులుగా ఉంటుంది, పడ్డప్పుడు కాలు దాటి ఊడిపోతుంది. ఊడిపోయిన బూటు ఎంత గట్టిదైనా ఒకటే. రైడింగ్ బూటుకి పైన బకిలో వెల్క్రో పట్టీయో ఉండి పిక్కని పట్టుకుని ఉండేది అందుకే.

లేసుల బూట్లు నాకు పడవు. ఒకటి, లేసు కొస గేర్ రాడ్‌కో ఫుట్‌రెస్ట్‌కో చుట్టుకుంటే సిగ్నల్ దగ్గర కాలు దించలేక బండితో సహా ఒరగాల్సి వస్తుంది. రెండోది నా ఉద్యోగం తెచ్చిన తంటా. రొయ్యలకొచ్చే వైట్ స్పాట్ తెగులు భయానికి ఒక చెరువు బురద ఇంకో చెరువుకి మొయ్యనివ్వరు. గేటు దగ్గర బ్లీచింగో పర్మాంగనేటో కలిపిన తొట్టి ఉంటుంది, అందులో కాళ్ళు ముంచి వెళ్ళాలి. తోలు బూటుని రోజూ బ్లీచింగ్‌లో ముంచితే తోలు బిరుసెక్కుతుంది, కుట్టు దారం చివికిపోతుంది. అందుకని బూట్లు షెడ్డులో విప్పేసి అక్కడి గంబూట్లు తొడుక్కుంటాను. రోజులో ఎన్నిసార్లు విప్పి తొడగాలో ఊహించుకోండి. లోపలి పక్క జిప్పు, దాని మీద మూసే వెల్క్రో రేకు ఉన్న బూటయితే నిలబడే పని అయిపోతుంది.

అట్ట సంగతికి పంటు మంచి పరీక్ష. సఖినేటిపల్లి రేవులో వాన పడుతున్నప్పుడు బండిని ఇనప రేకు మీదికి ఎక్కించి, ముందు చక్రం తిన్నగా పెట్టి, ఒక కాలు ఆనించి నిలబడాలి. రేకు మీద నీళ్ళూ, డీజిలు జిడ్డూ, ఎవరిదో చేపల బుట్టలోంచి కారిన నీచు నీళ్ళూ. నున్నటి అట్ట అయితే బండి, మనిషి, పక్కనున్న పాల కాన్లు అన్నీ కలిసి జారతాయి. రబ్బరు అట్ట, నూనెకి తట్టుకునేది, మధ్యలో మడమ దగ్గర మెట్టు ఉన్నది చూసుకోవాలి. మెట్టు ఫుట్‌రెస్ట్‌కి ఆనుతుంది, గతుకుల్లో పాదం జారదు. అయితే అట్ట కింద గాడులు మరీ లోతయితే మా నల్లరేగడి అందులో ఇరుక్కుని గట్టిపడి, ఆ అట్ట కూడా నున్నగానే అయిపోతుంది.

ఇక నీళ్ళు. వాటర్‌ప్రూఫ్ బూటులో తోలుకీ లైనింగుకీ మధ్య ఒక పలచని పొర ఉంటుంది. గోర్‌టెక్స్ అందులో పేరున్నది. ఆ పొరలో కన్నాలు నీటి బొట్టు దూరనంత చిన్నవి, చెమట ఆవిరి దాటిపోయేంత పెద్దవి. చెప్పుకోవడానికి బ్రహ్మాండంగా ఉంది కదా. కానీ ఆవిరి తనంతట తాను బయటికి పోదు, లోపలి తేమ కన్నా బయట తేమ తక్కువుంటేనే పోతుంది. లడఖ్‌లో పోతుంది, ఐరోపాలో పోతుంది. జూన్‌లో గాలాడని సాయంత్రం మలికిపురంలో ఎక్కడికి పోతుంది? బయట గాలే తడి బట్టలా ఉంటుంది. పైగా బూటు పైతోలు వానకి నానిపోయిందంటే ఆ కన్నాల నోళ్ళు మూసుకుపోయినట్టే. చినుకు పడని రోజు కూడా సాయంత్రానికి సాక్సులు పిండుకోవాలి. ఇంకో మాట, ఈ పొర ఉన్న బూటు ఒకసారి లోపల తడిసిందా, ముసురు రోజుల్లో మర్నాటికి ఆరదు. మామూలు బూటు ఆరిపోతుంది.

అందుకే రోజూ డెల్టాలో తిరిగేవాళ్ళకి నేను చెప్పేది, గాలాడే మామూలు రైడింగ్ బూటు కొని వానకి వేరే ఏర్పాటు చేసుకోమని. జాతీయ రహదారి పట్టుకుని విశాఖో హైదరాబాదో గంటల తరబడి వెళ్ళేవాళ్ళయితే వాటర్‌ప్రూఫ్ పొడుగు బూటే నయం, డబ్బు పెట్టొచ్చు.

వేరే ఏర్పాటంటే పెద్దగా ఏం లేదు. రెయిన్ ప్యాంటు అంచు ఎప్పుడూ బూటు బయటికే ఉండాలి, లోపలికి దోపితే కన్నంలోకి గరాటు పెట్టినట్టే. కుడికాలి వైపు అంచు వేలాడకుండా బిగించండి, సైలెన్సర్‌కి తగిలితే కరిగి అంటుకుపోతుంది. బూటు మీద తొడిగే షూ కవర్లు నాకు నచ్చవు. గేర్ రాడ్ తగిలే చోట ముందు చిరుగుతాయి, వాటితో నేల మీద కాలు పెడితే జారుతుంది. తక్కువ దూరానికయితే సాక్సు మీద పాలిథిన్ కవరు చుట్టి బూటు తొడగడమే రాజమార్గం. ట్యాంక్ బ్యాగులో ఇంకో జత సాక్సులు. వరద వచ్చినప్పుడు మాత్రం ఈ కబుర్లేవీ పనికిరావు. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే మీదికి నీళ్ళెక్కాయంటే బూటు ఎత్తు కొలుచుకునే పని లేదు, పడవ కోసం చూడటమే.

తడిసిన బూటులో పాత న్యూస్ పేపర్లు ఉండలు చేసి కుక్కండి, తడి పీల్చాక మార్చండి. పొయ్యి పక్కనా, ఎర్రటి ఎండలోనూ పెట్టకండి, గమ్ము వదులుతుంది, తోలు పగులుతుంది. ఉప్పునీటి చెరువుల నుంచి వచ్చిన రోజు ముందు మంచినీళ్ళతో తుడవాలి, లేకపోతే తెల్లటి చారలు కడతాయి. పొద్దున్న తొడిగే ముందు తలకిందులు చేసి నేలకి కొట్టడం మరిచిపోకండి. వరదల సీజన్లో బూటులోంచి కప్ప పడితే సంతోషించండి, కట్లపాము పడనందుకు.

డిస్కౌంటులో పాత స్టాకు కొనేవాళ్ళకి ఒక జాగ్రత్త. పాలీయూరితేన్ అట్ట తేమకి లోపల్నించే చివికిపోతుంది, పెట్టెలో కదలకుండా ఉన్నా సరే. పైకి కొత్తగా కనిపిస్తుంది, కొన్నాళ్ళకి పెచ్చులుగా ఊడుతుంది. తయారైన తేదీ అడగండి, రబ్బరు అట్టయితే ఈ బాధ తక్కువ.

సైజు దగ్గర అందరూ తొందరపడతారు. సాయంత్రం వేసి చూడండి, రోజంతా తిరిగిన కాలు కాస్త ఉబ్బి ఉంటుంది. బండి మీద వేసుకునే మందం సాక్సుతోనే చూడాలి. చిన్నప్పట్నించీ చెప్పుల్లేకుండా గట్ల మీద తిరిగిన కాళ్ళు మనవి, ముందు వెడల్పు. ఇటలీ బూట్లు చాలావరకు సన్నగా ఉంటాయి. పొడుగు సరిపోయి చిటికెన వేలు నొక్కుతుంటే, వాడగా వాడగా సాగుతుందన్న మాట నమ్మకండి. గట్టి చిప్పలున్న బూటు ఎక్కడ సాగుతుంది? ఒరాజో, క్లాన్ లాంటి మన దేశపు కంపెనీలవి కూడా తొడిగి చూసి, ఏది కాలికి పడితే అది తీసుకోండి. ఆన్‌లైన్‌లో అయితే వాపసు తీసుకుంటారో లేదో ముందే చూసుకోండి.

కొన్నాక మెకానిక్ దగ్గరికి ఒకసారి వెళ్ళాలి. స్ప్లెండర్‌లో గేరు ముందుకి తొక్కడమే కాబట్టి పెద్ద ఇబ్బంది లేదు, వెనక రాడ్‌కి బూటు మడమ తగలకుండా చూసుకుంటే చాలు. పల్సర్, హిమాలయన్ లాంటివాటిలో వేలితో పైకి లేపాలి, బూటు ముక్కు రాడ్ కింద దూరదు. పది నంబరు పానాతో బోల్టు విప్పి, రాడ్‌ని బయటికి లాగి ఒక పన్ను పైకి పెట్టి బిగిస్తే సరిపోతుంది. బ్రేకు పెడల్ కూడా అప్పుడే చూపించండి. మందపాటి అట్ట కింద పెడల్ నొక్కుడు పడుతున్నట్టు మనకి తెలియదు, వెనక డ్రమ్ము వేడెక్కుతూనే ఉంటుంది.