మారుపేర్ల జట్టుతో క్రికెట్

మా ఊరి నెట్ సెంటర్లో గంట లెక్కన డబ్బులు కట్టి నేను ఆడిన ఈఏ కంపెనీ కంప్యూటర్ ఆట ఈఏ స్పోర్ట్స్ క్రికెట్ 07లో భారత జట్టు ఉండేది గాని, మన ఆటగాళ్ల పేర్లు ఉండేవి కావు. క్రీజులోకి వస్తున్నది ఎవరో ఆడేవాడికి తెలుస్తూనే ఉండేది. తెర మీద మాత్రం ఎవరూ ఎరగని పేరు కనిపించేది. కంపెనీ ఇంగ్లండ్, ఆస్ట్రేలియా జట్లకే అనుమతి తీసుకోవడం వల్ల అసలు పేర్లు ఆ రెండు జట్లకే దక్కాయి. సెంటర్ నడిపే అన్న ఎవరో అభిమానులు చేసిన ప్యాచ్‌ను, అంటే ఆటలో పేర్లు మార్చే ఫైలును, పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఎక్కించిన రోజున గాని మన జట్టు మన జట్టులా కనిపించలేదు. ఐపీఎల్ మొదలయ్యాక డెక్కన్ ఛార్జర్స్ కూడా అదే దారిలో ఆ కంప్యూటర్లలోకి వచ్చింది. ఈఏ మాత్రం ఆ తర్వాత కంప్యూటరుకు గాని, టీవీకి తగిలించి ఆడే కన్సోలుకు గాని మరో క్రికెట్ ఆటను తేలేదు.

కోట్లమంది చూసే క్రికెట్‌ను ఆటల కంపెనీలు ఆదరణ తక్కువ ఉన్న క్రీడగా చూస్తాయంటే మనవాళ్లెవరూ ఒప్పుకోరు. కన్సోల్ వ్యాపారం లెక్క వేరు. అక్కడ మ్యాచ్ చూసేవాడు లెక్కలోకి రాడు. వేల రూపాయలు పెట్టి ఆటను కొనేవాడే వస్తాడు, అలాంటి కొనుగోలుదారులు ఎక్కువగా అమెరికా, ఐరోపా, జపాన్‌లలో ఉంటారు. ఆ సంతలో క్రికెట్ స్థానం దాదాపు హ్యాండ్‌బాల్, రగ్బీల పక్కనే. బ్యాటు ఊపే తీరును, బంతి తిరిగే తీరును, స్టేడియాలను తయారు చేయడానికయ్యే ఖర్చు మాత్రం ఆట పదివేలమంది కొన్నా, కోటిమంది కొన్నా ఒక్కటే. లైసెన్సు ఖర్చు దాని మీద వచ్చి పడుతుంది.

పైగా ఆ లైసెన్సు ఒక్క సంతకంతో తేలే పని కాదు. జట్టు పేరు, చిహ్నం, జెర్సీ క్రికెట్ బోర్డు చేతిలో ఉంటాయి. లీగ్ జట్ల హక్కుల్లో యజమానులకు వాటా ఉంటుంది. ఆటగాడి ముఖం మీద హక్కు ఆటగాడిది. ఫుట్‌బాల్‌లో ఫిఫ్‌ప్రో అనే ఆటగాళ్ల సంఘం వేలమంది హక్కులను ఒక్కచోట నుంచి అమ్మగలదు. క్రికెట్‌లోనూ అంతర్జాతీయ ఆటగాళ్ల సంఘం ఉంది, కానీ భారత ఆటగాళ్లు అందులో లేరు. అంటే ఎవరి పేర్ల కోసం కొనుగోలుదారుడు ఎదురుచూస్తాడో, సరిగ్గా ఆ పేర్ల కోసమే విడిగా బేరానికి కూర్చోవాలి.

లైసెన్సు ఉంటే చాలదని 2013లోనే తేలింది. ఇంగ్లండ్, ఆస్ట్రేలియాల మధ్య జరిగే యాషెస్ సిరీస్ అధికారిక ముద్రతో వచ్చిన యాషెస్ క్రికెట్ 2013 ఎంత అధ్వానంగా ఉందంటే, స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో విడుదలైన కొద్దిరోజులకే ప్రచురణకర్తలు దాన్ని వెనక్కి తీసుకున్నారు. మరుసటి ఏడాది మెల్‌బోర్న్‌లోని బిగ్ యాంట్ స్టూడియోస్ డాన్ బ్రాడ్‌మన్ క్రికెట్ 14 తెచ్చింది. దానికి జాతీయ జట్ల అనుమతులు లేవు. ఉన్నది 2001లో కన్నుమూసిన ఒక మహానుభావుడి పేరు. ఆటగాళ్లను, జట్లను తయారుచేసుకుని ఒకరితో ఒకరు పంచుకునే అకాడమీ అనే ఏర్పాటును మాత్రం వాళ్లు ఆటలోనే పెట్టారు. నెట్ సెంటర్ అన్న పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన పనిని ఈసారి కంపెనీయే కొనుగోలుదారుల చేతికి అప్పగించింది. ఇది చాకచక్యమా, చట్టానికి అందకుండా పక్కకు తప్పుకోవడమా అని అడిగితే, రెండూ అంటాను.

అనుమతి దొరికినా చిక్కులు తీరవు. బిగ్ యాంట్ తర్వాత తెచ్చిన క్రికెట్ 22 అట్ట మీద అప్పటి ఆస్ట్రేలియా కెప్టెన్ టిమ్ పెయిన్ ఉన్నాడు. విడుదలకు కొద్దిరోజుల ముందు, 2021 నవంబరులో, ఒక వివాదంలో అతను కెప్టెన్సీ వదులుకోవడంతో ఆట విడుదలను డిసెంబరుకు జరిపి, అట్టనూ మార్చుకోవలసి వచ్చింది.

పేరు మార్చినంత మాత్రాన గండం గడిచినట్టేనా అన్నది నన్ను చాలాకాలంగా తొలుస్తున్న ప్రశ్న. అమెరికాలో కళాశాల ఫుట్‌బాల్ ఆటగాడు శామ్ కెల్లర్ ఈఏ మీద వేసిన దావాలో, ఆటలో పేరు లేకపోయినా జెర్సీ అంకె, ఎత్తు, బరువు అతనివే కావడంతో, వాక్‌స్వేచ్ఛ పేరుతో కంపెనీ తప్పించుకోలేదని 2013లో అప్పీళ్ల కోర్టు చెప్పింది. మన దగ్గర 2023 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు మరో దారి పట్టింది. మన హైదరాబాద్ బౌలర్ మహమ్మద్ సిరాజ్ కూడా వాదుల్లో ఉన్న ఆ కేసులో, ఆటగాళ్ల పేర్లు, చిత్రాలు, గణాంకాలతో డిజిటల్ కార్డులు అమ్ముతున్న సంస్థపై మధ్యంతర నిషేధం విధించడానికి కోర్టు నిరాకరించింది. బహిరంగంగా దొరికే సమాచారాన్ని అలా వాడుకోవచ్చంది. కార్డు మీది బొమ్మకు చెప్పిన మాట, బౌలింగ్ నడకతో సహా కదిలే మనిషి రూపానికి ఎంతవరకు వర్తిస్తుందో మరో దావా వస్తేగాని తేలదు.

ఈలోగా గిరాకీ ఫోన్లలోకి వెళ్లిపోయింది. చెన్నైలోని నెక్స్ట్‌వేవ్, పూణేలోని నాటిలస్ క్రికెట్‌ను ఉచితంగా ఇచ్చి, లోపల చిల్లర కొనుగోళ్ల మీద నడిపిస్తున్నాయి. మనవాడు ఆట కొనడు అన్న పాత మాటకు వాళ్ల జవాబు అదే.

కబడ్డీ విషయానికి వస్తే చిక్కు తలకిందులవుతుంది. 2014లో మొదలైన ప్రో కబడ్డీ లీగ్‌ను నడిపేది ఒకే సంస్థ. బేరానికి చాలా గడపలు తొక్కనక్కర్లేదు. తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్‌ను 2023 వేలంలో 2.605 కోట్లకు కొన్నదంటే పేరున్న ఆటగాళ్లకూ కొదవలేదు. కష్టమంతా ఆటలోనే ఉంది. క్రికెట్‌లో బంతికీ బంతికీ మధ్య కంప్యూటరుకు ఊపిరి దొరుకుతుంది. కూతకు వెళ్లినవాడి చీలమండను ఒకడు, నడుమును ఇంకొకడు పట్టి, మిగిలినవాళ్లు మీద పడ్డాక, ఆ ఏడెనిమిది దేహాల బరువు ఎటు ఒరుగుతుందో, అతని వేలి కొస మధ్యగీతను తాకుతుందో లేదో తెర మీద నమ్మేలా చూపించడం కోట్లు ఖర్చయ్యే పని. ఆ కోట్లు ముందుగా పెట్టేవాడు నాకింతవరకు కనిపించలేదు. నేనైతే మారుపేర్లతో వచ్చినా కొంటాను.