లాభం, రెండు, టెథెరా

"ఈసారి ఇండియా వద్దమ్మా" అని మా పెద్దది అన్నప్పుడు మనసు చివుక్కుమంది. పదమూడేళ్ల పిల్ల. ఎందుకే అంటే వేళ్ల మీద లెక్క చెప్పింది. పోయిన ఆగస్టులో మూడు వారాల్లో పద్నాలుగు ఇళ్లకు తిప్పామట. ప్రతి ఇంట్లోనూ "తెలుగు వచ్చా? ఏదీ, మాట్లాడు" అన్నారట. "అది హాలిడే కాదు, ఓరల్ ఎగ్జామ్" అంది. కాదనలేకపోయాను.

అలా ఈ వేసవి సెలవుల్లో ఇంగ్లండ్‌లో మేముండే బర్మింగ్‌హామ్ నుంచి కొండలూ సరస్సులూ ఉన్న లేక్ డిస్ట్రిక్ట్‌కు అద్దె మోటార్‌హోమ్‌లో, అంటే పడకలూ పొయ్యీ ఉన్న బండిలో, వెళ్దామని తేలింది. ఎమ్6 హైవే మీద 36వ జంక్షన్ దాకా పోయి కెండల్ వైపు తిరగడమే. ఆరు రాత్రులు. వెళ్లేది ఆగస్టులో అయినా ఫిబ్రవరి నుంచే ఫ్రిజ్ మీద లిస్టులు మొదలయ్యాయి.

మొదటి గొడవ బరువు దగ్గర. 1997 నుంచి ఇక్కడ కారు టెస్టు పాసైనవాళ్లు మామూలుగా 3,500 కిలోల బండి వరకే నడపాలి. అది ఖాళీ బండి లెక్క కాదు. మనుషులు, నీళ్లు, గ్యాసు, ఆవకాయ జాడీ అన్నీ కలిపి. వంద లీటర్ల నీళ్లు నింపితే అదే వంద కిలోలు. మావారు స్ప్రెడ్‌షీట్ తెరిచి పది కిలోల సోనా మసూరి దగ్గర ఎర్ర గీత పెట్టారు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. నలుగురు పడుకోవచ్చని రాసిన బండికి నాలుగు సీటు బెల్టులు ఉంటాయనుకోకండి. మేం చూసిన మొదటి బండికి రెండే ఉన్నాయి. డబ్బు కట్టేముందు అడిగి ఉండకపోతే పిల్లలు ఇంట్లోనే ఉండాల్సి వచ్చేది.

వీడియో కాల్‌లో ఫొటోలు చూసి అత్తయ్యగారు, "పొయ్యికి రెండడుగుల దూరంలో మరుగుదొడ్డా!" అన్నారు. కాసేపు ఊరుకుని, గొంతు తగ్గించి, "పోనీ, చెంబైనా పడుతుందా?" అని అడిగారు. పడుతుంది. నీళ్లే పొదుపుగా వాడాలి.

ఆ మరుగుదొడ్డి కింద కాసెట్ అనే డబ్బా ఉంటుంది. రెండు మూడు రోజులకోసారి దాన్ని బయటికి లాగి, బండ్లు నిలుపుకునే క్యాంప్ సైట్‌లో అందుకని కేటాయించిన చోట పారబోసి, కడిగి, మందు పోసి మళ్లీ పెట్టాలి. ఎవరు చేస్తారన్న మాట రాగానే ఇల్లంతా నిశ్శబ్దం. "మీ చిన్నప్పుడు ఊళ్లో ఇదంతా ఎవరు చేసేవాళ్లు?" అని పెద్దది అడిగింది. ఒకావిడ వచ్చేది, పెరటి వైపు నుంచి. ఆమె పేరు నాకు తెలియదు. అదే చెప్పాను. పిల్ల ఇంకేమీ అనలేదు. మర్నాడు ఫ్రిజ్ మీద వంతుల కాగితం అంటించింది. నాలుగు పేర్లు, మొదటిది నాది.

వంట సంగతి తేలిగ్గానే తేలింది. ఇంగువ పోపు వేస్తే అలారం మోగుతుంది, సీట్లకు వాసన పడితే డిపాజిట్ సంగతి దేవుడెరుగు. అందుకని పులిహోర పులుసు, పొడులు ఇంట్లోనే చేసి సీసాల్లో పెడతాం. సైట్‌లో ఇచ్చే కరెంటు కొన్నిచోట్ల 10 ఆంప్సే, అంటే 2,300 వాట్లు. ఇంట్లో వాడే మూడు వేల వాట్ల కెటిల్ పెడితే టప్పున ట్రిప్ అవుతుంది. రైస్ కుక్కర్ నడుస్తుంది. నాకదే చాలు.

దారుల గురించి ముందే ఒట్టు పెట్టించుకున్నాను. రైనోస్, హార్డ్‌నాట్ కనుమల జోలికి వెళ్లేది లేదు. హార్డ్‌నాట్‌లో కొన్నిచోట్ల మూడడుగులు ముందుకెళ్తే ఒకడుగు పైకెక్కే వాలు, అదీ సన్నటి రోడ్డు మీద. బండిని సైట్‌లో వదిలేసి విండర్‌మియర్, గ్రాస్‌మియర్, కెజిక్‌లకు 555 నంబరు బస్సులో తిరుగుతాం. వాన మాత్రం తప్పదు. అక్కడ సీత్‌వెయిట్ అనే పల్లెలో ఏటా 3,000 మిల్లీమీటర్లు దాటి పడుతుంది. హైదరాబాద్‌లో 800 పడితే ఎంత హడావిడి చేస్తాం!

చిన్నోడికి ఇవేవీ పట్టలేదు. వాడికి గొర్రెలు కావాలి. అక్కడి హెర్డ్‌విక్ గొర్రెలు నల్లగా పుట్టి, పెరిగేకొద్దీ బూడిదరంగుకు తిరుగుతాయి. లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకంలో ఆ కొండల కాపరులు వాటిని లెక్కపెట్టే పాత పద్ధతి దొరికింది వాడికి. యాన్, టాన్, టెథెరా, మెథెరా, పింప్. ఒక్కో లోయలో ఒక్కో రకంగా పలుకుతారట. పదిహేనుకు బమ్‌ఫిట్. దానికి అక్కాతమ్ముళ్లు పావుగంట నవ్వారు. ఇరవై కాగానే ఒక రాయి పక్కన పెట్టి మళ్లీ యాన్ నుంచి మొదలు. వేల్స్ వాళ్ల భాష వెల్ష్‌లోనూ అయిదును పింప్ అనే పలుకుతారు. ఒకప్పుడు ఆ కొండల్లోనూ అలాంటి భాషే ఉండేదనీ, ఈ లెక్క దాని మిగులేననీ చాలామంది అంటారు.

వింటుంటే కళ్లంలో మా నాన్న గుర్తొచ్చారు. కుంచంతో ధాన్యం కొలుస్తూ ఆయన ఎప్పుడూ "ఒకటి" అనేవారు కాదు. "లాభం" అనేవారు. లాభం, రెండు, మూడు... ఏడు వచ్చేసరికి "ఆరున్నొకటి". ఏడు అంటే ఏడుపు గుర్తొస్తుందని. చెప్పాను.

"ఇంత మంచిది ఎప్పుడూ చెప్పలేదేం?" అంది పెద్దది, ఇంగ్లీషులో, కాస్త కోపంగా. ఆదివారం పూట నేను వీళ్లతో చేయించే తెలుగు వర్క్‌షీట్లలో ఆ మాట లేదు మరి.

నిన్న సాయంత్రం ప్రయాణానికి బియ్యం కొలవమన్నాను. పెద్దది గ్లాసుతో డబ్బాలో పోస్తూ "లాభం, రెండు, మూడు" అంటోంది. చిన్నోడు పక్కన నిలబడి "మెథెరా, పింప్" అని అరుస్తున్నాడు. ఆరున్నొకటి దగ్గర లెక్క తప్పింది. డబ్బా బోర్లించి మళ్లీ మొదలుపెట్టారు.