నలభయ్యో ఎక్కం

1984లో బడిపిల్లలకి కంప్యూటర్ నేర్పడానికి కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన క్లాస్ పథకంలో బడులకి బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చారు. విశాఖలో మా బడికీ వచ్చాయి. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వెళ్ళేవాళ్ళం.

మేము ముగ్గురం కలిసి ఒక ఆట రాశాం. డాల్ఫిన్స్ నోస్ కొండ కింద నుంచి తెప్ప బయలుదేరి చేపలు పట్టాలి. తెర మీద బొమ్మ చూపించే పద్ధతుల్లో ఒకటైన మోడ్ 2లో రంగులు బాగుంటాయి గానీ, ఉన్న 32 కిలోబైట్ల మెమరీలో 20 తెరకే పోతాయి. అందుకే ఒక్క కిలోబైట్‌తో సరిపెట్టుకునే మోడ్ 7 తీసుకున్నాం. అయినా తెప్ప ఈడ్చుకుంటూ పోయేది. అడుగడుక్కీ తెరంతా చెరిపి మళ్ళీ గీస్తున్నాం మరి!

"నీళ్ళు ఒలికితే ఇల్లంతా కడుగుతార్రా, ఒలికిన చోట తుడుస్తారా?" అన్నారు లెక్కల మాష్టారు.

తెప్ప వదిలిన గళ్ళు మాత్రమే చెరిపాం. వేగం పెరిగింది, కానీ చాలలేదు. మేము ప్రోగ్రాం రాసే భాష బీబీసీ బేసిక్‌లోనే, నేరుగా చిప్ భాషలో రాయనిచ్చే అసెంబ్లర్ ఉంది కాబట్టి అందులోకి దిగాం. అసలు చిక్కు అక్కడే వచ్చింది. తెర మీద 25 వరుసలు, వరుసకి 40 గళ్ళు. వరుస సంఖ్యని 40తో గుణించి, గడి సంఖ్య కలిపి, తెర మొదలయ్యే 31744కి కూడితే గానీ మెమరీలో చోటు దొరకదు. ఆ కంప్యూటర్‌కి మెదడైన 6502 చిప్‌కి గుణకారమే రాదు. బిట్లు జరిపి, కూడుకుంటూ పోవాలి. ప్రతి చేపకీ అదే తతంగం. చిప్ గడియారం సెకనుకి 20 లక్షల టిక్కులు కొడుతుంది, తెర 50 సార్లు మారుతుంది. అంటే తెర మారే ఒక్కోసారికి మా చేతిలో ఉన్నవి 40 వేల టిక్కులే.

మాష్టారు నన్ను లేపారు.

"పదమూడు ఏడులెంతరా?"

"తొంభై ఒకటండీ."

"పదమూడుని ఏడుసార్లు కూడి చెప్పావా?"

"లేదండీ, ఎక్కం వచ్చు."

"మరి దానికీ ఎక్కం నేర్పరా!"

ఆ సాయంత్రం బీచ్ రోడ్డులో గోడ మీద కూర్చుని నలభయ్యో ఎక్కం రాశాం. వరుసల లెక్క సున్నా నుంచి మొదలు. ఒక్క బైట్‌లో 255 దాటి పట్టదు కాబట్టి, ప్రతి వరుస మొదటి గడి చిరునామానీ 256తో భాగించి, భాగఫలం ఒకటి, శేషం ఒకటి, రెండేసి బైట్లుగా విడగొట్టాం. 25 వరుసలకి 50 బైట్లు. మర్నాడు అదంతా టైపు చేసి, టేపు మీద సేవ్ చేసేలోపే కరెంటు పోయింది. ఏడుపొక్కటే తక్కువ. మళ్ళీ మొదటి నుంచీ కొట్టాం.

ఈసారి తెప్ప నీళ్ళ మీద జారినట్టు వెళ్ళింది. మాష్టారు మాటాడకుండా కంప్యూటర్ ముందు కుర్చీలో కూర్చుని, రెండుసార్లు ఆడారు.

ఎక్కం రాసుకున్న నోటుపుస్తకం నా దగ్గరే ఉంది. ఉప్పుగాలికి పిన్నులు తుప్పుపట్టి, అంచులు ఎర్రబడ్డాయి. ఎక్కంలో చివరి వరుస ఇప్పటికీ చదవడానికి వీలుగానే ఉంది: 24 – 127, 192.