నెట్ మీటరులో రెండు అంకెలు, ఇన్వర్టర్‌లో మూడోది

సోలార్ పెట్టించుకున్నవాళ్లను మొదట తికమక పెట్టేది ఇదే. ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే పెట్టె) యాప్ 12 యూనిట్లు తయారయ్యాయంటుంది, మీటరేమో 7 యూనిట్లే బయటికి వెళ్లాయంటుంది. మిగతా 5 ఎక్కడికీ పోలేదు. పగలే ఫ్రిజ్, ఫ్యాన్లు, మోటారు వాడేసుకున్నాయి, అవి మీటరు దాకా రానే లేదు.

నెట్ మీటరు లెక్కపెట్టేది గడప దాటిన కరెంటునే. లోపలికొస్తే ఇంపోర్ట్, బయటికి పోతే ఎక్స్‌పోర్ట్. కోడ్‌లు చూపించే మీటర్లలో 1.8.0 పక్కన ఉండేది ఇంపోర్ట్, 2.8.0 పక్కన ఉండేది ఎక్స్‌పోర్ట్. రాత్రికి 9 యూనిట్లు లాగితే ఆ రోజు నికరం 9 − 7 = 2. ఇంటి అసలు వాడకం మాత్రం 12 − 7 + 9 = 14. సోలార్ వచ్చాక బిల్లు తగ్గలేదని గొడవపడే ముందు ఈ రెండో లెక్క వేసి చూడాలి. చాలాసార్లు వాడకమే పెరిగి ఉంటుంది.

బిల్లులో పంపిన యూనిట్‌ను లాగిన యూనిట్‌కు సమానంగా కొట్టేస్తేనే అది నెట్ మీటరింగ్. ఎక్స్‌పోర్ట్‌కు వేరే రేటు కడితే నెట్ బిల్లింగ్. ఆ రేటు తక్కువైతే బట్టల మెషీన్, మోటారు మధ్యాహ్నమే నడుపుకోవడం లాభం.

పాత మీటర్లలో కొన్నిటికి దిశ తెలియదు, కరెంటు ఎటు పారినా అంకె ముందుకే పోతుంది. నెట్ మీటరు బిగించకముందే సోలార్ ఆన్ చేస్తే, మనం పంపిన యూనిట్లకు మనమే బిల్లు కడతాం. కొత్త మీటరు వచ్చాక కూడా ఒకసారి పరీక్షించాలి. మంచి ఎండలో ఇంట్లోకి వెళ్లే బ్రేకర్లన్నీ దింపి, సోలార్ బ్రేకర్ ఒక్కటే ఉంచి అరగంట చూడండి. 2.8.0 పెరగాలి, 1.8.0 కదలకూడదు. చీకటి పడ్డాక 1 కిలోవాట్ హీటర్ ఒక్కటే గంటసేపు వేస్తే 1.8.0లో దాదాపు 1 యూనిట్ పెరగాలి. తేడా వస్తే వైరింగో, మీటరు సెట్టింగో తప్పు.

కరెంటు పోతే బ్యాటరీ లేని సోలార్ కూడా ఆగిపోతుంది. అది లోపం కాదు, మన కరెంటు ఆగిన లైనులోకి పోకుండా, దాని మీద పనిచేసేవాళ్ల ప్రాణాలకు రక్ష.

మండుటెండలో ఇన్వర్టర్ పదేపదే ఆగి మళ్లీ మొదలవుతుంటే మాత్రం వోల్టేజీని అనుమానించాలి. కరెంటును బయటికి తోయాలంటే ఇన్వర్టర్ లైను కంటే కాస్త ఎక్కువ వోల్టేజీ పెట్టాలి, కేబుల్ సన్నమైనకొద్దీ ఆ 'కాస్త' పెరుగుతుంది. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ 25 మీటర్లు లాగి 20 ఆంపియర్లు పంపితే, దాదాపు నాలుగున్నర వోల్టులు ఆ కేబుల్‌లోనే పెరుగుతాయి. లైను అప్పటికే 249 వోల్టులు ఉంటే, పరిమితి 253 పెట్టిన ఇన్వర్టర్ ఆగిపోతుంది. ఒకే నిమిషంలో ఇన్వర్టర్ మీద, మీటరు మీద వోల్టేజీ చూడండి. తేడా ఎక్కువుంటే కేబుల్ మందం పెంచాలి. మీటరు దగ్గరే ఎక్కువ చూపిస్తుంటే మన వైరింగ్ ఎంత మార్చినా లాభం లేదు, విద్యుత్ సంస్థవాళ్లు ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ (వోల్టేజీని సర్దే మెట్టు) దించాల్సిందే.