మాట్లాడుకున్నాక ఏం మారుతుంది?

జన్యు సవరణపై, అంటే జీవకణాల్లోని జన్యువులను కావాలని మార్చే పద్ధతిపై, శాస్త్రవేత్తలూ సామాన్యులూ కలిసి చర్చించే ఒక సమావేశంలో ఈమధ్య పాల్గొన్నాను. ఆ పద్ధతి ఎంత కచ్చితంగా పనిచేస్తుందో వివరించడానికి పరిశోధకులు సిద్ధపడి వచ్చారు, కానీ మా బల్ల దగ్గరున్న ఒక పెద్దావిడ, "మా మనవడికి ఈ చికిత్స చేయించాక, ఇరవై ఏళ్లకు ఏదైనా తేడా వస్తే మేం ఎవరిని అడగాలమ్మా?" అన్నప్పుడు, ఎదురుగా కూర్చున్న యువ పరిశోధకురాలు రాసుకోవడం ఆపి, తమ ప్రయోగశాలలో ఈ ప్రశ్న ఎన్నడూ చర్చకు రాలేదని చెప్పారు.

ఇలాంటి చర్చల వల్ల ప్రజల భయాలు తొలగుతాయని చాలామంది ఆశిస్తారు. నాకు మాత్రం అంతకన్నా విలువైన మార్పు నిపుణులలోనూ విధానాలలోనూ కనిపిస్తుంది. డెన్మార్క్‌లో 1987లో పౌర బృందం జన్యు సాంకేతికతపై నివేదిక ఇచ్చాక, జాతీయ జీవసాంకేతిక పరిశోధన కార్యక్రమం కింద జంతువులపై అటువంటి పరిశోధనకు నిధులు ఇవ్వరాదని పార్లమెంటు నిర్ణయించింది. బ్రిటన్‌లో మైటోకాండ్రియా దానంపై (తల్లి నుంచి బిడ్డకు కొన్ని జబ్బులు రాకుండా, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాను మరో మహిళ అండం నుంచి తీసుకునే పద్ధతి) 2012లో విస్తృతంగా ప్రజాభిప్రాయం సేకరించారు; 2015లో పార్లమెంటు దాన్ని అనుమతించింది, అయితే ప్రతి కేసునూ నియంత్రణ సంస్థ విడిగా పరిశీలించాలన్న షరతుతో.

అన్ని చర్చలూ ఇలా ఫలించవు. అదే బ్రిటన్‌లో 2003లో జన్యుమార్పిడి పంటలపై జరిగిన సభలకు, అప్పటికే గట్టి అభిప్రాయాలున్నవారే ఎక్కువగా వచ్చారన్న విమర్శ ఉంది. పైగా, నిర్ణయం అయిపోయాక పిలిచి అభిప్రాయం అడిగితే జనం ఇట్టే పసిగడతారు, మరోసారి రారు.

అందుకే ఆ సమావేశంలో మేమిచ్చిన సూచనల్లో వేటిని స్వీకరించారో, వేటిని ఎందుకు పక్కన పెట్టారో రాతపూర్వకంగా తెలియజేయాలని నిర్వాహకులను కోరాను.