మార్చి 20, గురువారం: రెండు ఊళ్ళ నీడలు

ఒంటిపూట బడులు మొదలై ఇంకా వారం కాలేదు. పన్నెండున్నరకు ఇంటి గంట. నాకు ఇవాళ కావలసిన సమయం పన్నెండూ ఇరవై మూడు. మధ్యలో ఉన్నవి ఏడే నిమిషాలు. పిల్లలు సంచులు సర్దుకునే వేళ, గేటు ముందు ఆటోలు హారన్ కొట్టే వేళ అది. రాత్రంతా దాని గురించే ఆలోచన. పొద్దున స్కూటీ మీద చాంద్రాయణగుట్ట దాటుతుంటే తూర్పున పల్చటి మబ్బు పొర కనిపించింది. మార్చి నెలలో మబ్బును చూసి దిగులు పడటం నాకు ఇదే మొదటిసారి.

ఇవాళ పగలూ రాత్రీ సమానమయ్యే రోజు. సూర్యుడు భూమధ్యరేఖకు నేరుగా పైన ఉంటాడు. మా ఎనిమిదో తరగతి పిల్లలు, కెన్యాలోని మొంబాసాలో ఒక బడి పిల్లలు, ఎవరి మైదానంలో వాళ్ళు మీటరు కర్ర నిలబెట్టి మిట్టమధ్యాహ్నపు నీడ కొలవాలి. ఆ రెండు నీడలతో భూమి చుట్టుకొలత కట్టాలి. 2,200 ఏళ్ళ కిందట గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ చేసిన పనే. ఈజిప్టులో సయీన్ అనే ఊళ్ళో ఏడాదికి ఒకరోజు మధ్యాహ్నం బావి అడుగు దాకా ఎండ పడుతుందని, అదే వేళ అలెగ్జాండ్రియాలో మాత్రం నీడ ఉంటుందని తెలిసి, ఆ నీడ కోణం వృత్తంలో యాభయ్యో వంతు అని తేల్చాడు. రెండు ఊళ్ళ మధ్య దూరాన్ని యాభైతో హెచ్చవేస్తే భూమి చుట్టుకొలత వచ్చేసింది. జనవరిలో ఈ కథ చెప్పినప్పుడు వెనక బెంచీ పిల్ల లేచి అడిగింది. "ఒక్కడే మనిషి రెండు ఊళ్ళల్ల ఎట్ల ఉంటడు టీచర్?"

ఉండలేడు. ఇంకో ఊరి సంగతి ఇంకెవరో చెప్పాలి. ఆ ప్రశ్న దగ్గరే ఈ పని మొదలైంది. మూడేళ్ళ కిందట ఒక ఆన్‌లైన్ శిక్షణలో పరిచయమైన మొంబాసా టీచరమ్మకు ఆ రాత్రే మెసేజ్ పెట్టాను. మా ఇద్దరిదీ సోషలే. తెల్లారేసరికి సరేనంది.

పదకొండున్నరకే పిల్లలు మైదానంలో ఉన్నారు. కర్ర నిటారుగా ఉందో లేదో చూడటానికి దారానికి గుండు కట్టి వేలాడదీశారు. ఆ పని మేస్త్రీ కొడుకుకు అప్పగించాం. వాడు కర్రను నాలుగు వైపుల నుంచీ ఒక కన్ను మూసి చూసి "ఇగ ముట్టకుండ్రి" అన్నాడు. మన గడియారంలో పన్నెండైతే మిట్టమధ్యాహ్నం కాదా అని చాలామందికి అనుమానం. మన దేశం గడియారం కాకినాడ మీదుగా పోయే 82½ డిగ్రీల రేఖను బట్టి నడుస్తుంది. హైదరాబాదు దానికి నాలుగు డిగ్రీలు పడమర. డిగ్రీకి నాలుగు నిమిషాల లెక్కన పదహారు. మార్చిలో సూర్యుడు గడియారం కంటే ఇంకో ఏడు నిమిషాలు వెనకబడతాడు. అందుకే పన్నెండూ ఇరవై మూడు. లెక్కల సారు ఇది నేల మీద సుద్దముక్కతో గీసి చెబుతుంటే మా అటెండర్ అన్న కూడా చీపురు పక్కన పెట్టి నిలబడ్డాడు.

పన్నెండూ పది నుంచి రెండేసి నిమిషాలకోసారి నీడ కొస దగ్గర చుక్క పెట్టారు. రంజాను ఉపవాసం (రోజా) ఉన్న పిల్లలను వేపచెట్టు కింద కూర్చోమన్నాను. ఒక్కరూ కూర్చోలేదు. పన్నెండూ పంతొమ్మిదికి మబ్బు కమ్మింది, నీడ పోయింది. "పో, పో" అని మబ్బును చేతులతో తోలుతున్నారు పిల్లలు. నా గుండె ఎంత కొట్టుకుందో రాయలేను. ఇరవై రెండుకు మళ్ళీ ఎండ వచ్చింది. అన్నిటికంటే పొట్టి నీడ 31.5 సెంటీమీటర్లు. నేరుగా ఉత్తరానికి, చార్మినార్ వైపుకు. తరువాతి చుక్క దగ్గర నీడ మళ్ళీ పెరిగింది. "అయిపోయింది, తిరిగింది!" అని అరిచారు. ఇంటి గంట కొట్టారు. ఎవరూ కదల్లేదు.

మొంబాసాకు మధ్యాహ్నం రావడానికి ఇంకా రెండున్నర గంటలు ఉంది. ఆ తేడా ఎంతో జనవరిలో తరగతిలో అడిగినప్పుడు నేను రేఖాంశాల నుంచి మొదలుపెట్టబోయాను. ముందు బెంచీ పిల్లవాడు ఠక్కున రెండున్నర గంటలన్నాడు. వాడి నాన్న జెద్దాలో డ్రైవరు. జెద్దాకూ మొంబాసాకూ ఒకటే టైము. రాత్రి పదికి ఫోన్ వస్తే అక్కడ ఏడున్నర అని వాడికి రెండో తరగతి నుంచీ తెలుసు. ఈ తరగతిలో తొమ్మిదిమంది నాన్నలు గల్ఫులో ఉన్నారు. ఈ పిల్లలకు ప్రపంచం కొత్తగా చూపించాలని నేను బయల్దేరాను కానీ, వాళ్ళ ఇళ్ళల్లో అది ఎప్పటినుంచో ఉంది. బడి ఆ సంగతి వాళ్ళను ఒక్కసారి కూడా అడగలేదు, అంతే.

ఈ మాట రాస్తుంటే పాత సంగతి ఒకటి గుర్తొస్తోంది. రాయకుండా ఉండలేను. ఆరేళ్ళ కిందట వేరే బడిలో ఉన్నప్పుడు ప్రపంచ దేశాల పండుగ అని జరిపాం. తరగతికో ఖండం. మా తరగతికి ఆఫ్రికా వచ్చింది. ఇద్దరు పిల్లల మొహాలకు నల్లరంగు పూసి, నడుముకు ఆకులు కట్టి, చేతికి బల్లెం ఇచ్చి వేదిక మీద నిలబెట్టాం. రంగు పూసిన చేతుల్లో నావీ ఉన్నాయి. తరగతిలో అందరికంటే నల్లగా ఉన్న పిల్లనే ఎంచుకున్నాం. హాలంతా చప్పట్లు. ఆ పిల్ల మర్నాడు బడికి రాలేదు. మూడోరోజు వచ్చింది కానీ మధ్యాహ్నం అన్నం ఒక్కతే కూర్చుని తిన్నది. ఆఫ్రికాలో ఉన్న దేశాల్లో ఒక్కదాని గురించి కూడా ఆ రోజు ఎవరికీ ఏమీ తెలియలేదు. తెలిసింది ఒక్కటే, నలుపు అంటే నవ్వొచ్చే వేషమని. ఆ పిల్లకు నేను క్షమాపణ చెప్పలేదు. చెప్పాల్సింది.

జెండాలు గుర్తుపట్టడం, రాజధానులు అప్పజెప్పడం నేనూ నేర్పిస్తాను. ఐక్యరాజ్యసమితి 1945 అక్టోబరు 24న పుట్టిందనీ, సభ్యదేశాలు 193 అనీ పిల్లలకు తెలియాలి. కానీ ఒక దేశం అనగానే ఒక మనిషి మొహం గుర్తుకు రావాలంటే ఆ మనిషితో కలిసి ఏదైనా పని చేయాలి. మేం మొదట్లో కెన్యా గురించి ఏం తెలుసని అడిగితే అందరూ సింహాలన్నారు. రోడ్ల మీద తిరుగుతాయా అని ఒకడు. అటు నుంచి వచ్చిన మొదటి ప్రశ్న, మీ దగ్గర ఆవులు రోడ్ల మీద తిరుగుతాయటగా, నిజమేనా అని. నిజమే అని రాశారు మావాళ్ళు, ఫొటో కూడా పంపారు.

పద్ధతులు మాత్రం గట్టిగా పెట్టుకున్నాం. పిల్లల ఫోన్ నంబర్లు అటూ ఇటూ పోవు. ఏది పంపినా టీచర్ల ద్వారానే. ఇంట్లోవాళ్ళు సంతకం పెట్టని పిల్లల మొహం ఏ ఫొటోలోనూ ఉండదు. ముగ్గురు అమ్మాయిల ఇళ్ళల్లో వద్దన్నారు. వాళ్ళు మాట మాత్రమే రికార్డు చేసి పంపుతారు. వాళ్ళ గొంతులే మొంబాసాలో ఎక్కువమందికి ఇష్టమట.

ఒక తల్లి వచ్చి అడిగింది: "దీనితోని ఇంగ్లీష్ వస్తదా టీచర్?" కొంత వస్తుందమ్మా అన్నాను. అబద్ధం కాదు. మా పిల్లలు ఇంగ్లీషు అనగానే గొంతు తగ్గిస్తారు. కానీ అవతలివాళ్ళకూ అది బడిలో నేర్చుకున్న భాషే. ఇంట్లో స్వాహిలీ. వాళ్ళూ ఆగి ఆగి వెతుక్కుంటారు. రెండో కాల్‌లోనే మావాళ్ళ భుజాలు వదులయ్యాయి. దొరల భాష బాగా వచ్చినవాళ్ళ ముందు నిలబెట్టి ఉంటే ఈ పని జరిగేది కాదని నా గట్టి నమ్మకం. స్నేహానికి జత కుదరాలి.

గోడ మీద అట్ట ఒకటి అతికించి ఉంది. దాని మీద రెండు వరసల్లో మాటలు. స్వాహిలీలో కలాము, మనకు కలం. వాళ్ళ సబుని, మన సబ్బు. వాళ్ళ దుకా, మన దుకాణం. కితాబు, చపాతీ, చాయ్, దునియా చెప్పనే అక్కర్లేదు. మందును దవా అంటారని విని మా పిల్లలు దవాఖానా అని అరిచారు. అన్నిటికంటే నాకు నచ్చింది హబారి. పలకరించడానికి వాడే మాట, ఏం సంగతులు అన్నట్టు. అరబ్బీ ఖబర్ నుంచి పుట్టింది. మన కబురూ దాని బిడ్డే. అమ్మమ్మ రోజూ అనే కబురు మొంబాసాలో కూడా ఉందని తెలిసినప్పుడు మా పిల్లల ముఖాలు చూడాలి.

సముద్రం మీద మాటలు నడిచిన దారి కూడా చెప్పాను. శీతాకాలం ఈశాన్య గాలికి అరబ్బుల, గుజరాతీల పడవలు మొంబాసా చేరేవి. ఏప్రిల్ తరవాత గాలి తిరిగితే అటునుంచి బయల్దేరేవి. ఆ గాలులకు స్వాహిలీలో పేర్లు కస్కాజీ, కుసి. కుసి అని వాళ్ళ తీరం మీద వీచేదే భూమధ్యరేఖ దాటి మళ్ళి జూన్‌లో మనకు నైరుతిగా వస్తుంది. పాఠంలో పది మార్కుల ప్రశ్నగా ఉన్న నైరుతికి ఇంకో పేరుందని, ఆ పేరుతో పిలిచే పిల్లలు తమకు తెలుసని అనుకున్నాక దాన్ని బట్టీ పట్టాల్సిన పని లేకపోయింది.

మూడూ ఐదుకు ఫొటో వచ్చింది. పదకొండుమంది పిల్లలు ఇళ్ళకు పోకుండా ఆగారు. హెచ్ఎమ్ మేడమ్ కూడా ఆగింది. వాళ్ళ నీడ 7 సెంటీమీటర్లు. దక్షిణానికి. మన నీడకు ఎదురు దిక్కు! వాళ్ళు భూమధ్యరేఖకు ఆవల ఉన్నారు మరి. ఎనిమిదిలో త్రికోణమితి రాదు కాబట్టి గ్రాఫు కాగితం మీద త్రిభుజాలు గీసి కోణమానినితో కొలిచారు. మాది 17.5, వాళ్ళది 4. నీడలు చెరో దిక్కు కనుక కలపాలి. 21.5. అట్లాసులో స్కేలు పెట్టి ఉత్తర దక్షిణ దూరం ముందే చూసుకున్నాం, 2,370 కిలోమీటర్లు. 360ని 21.5తో భాగించి 2,370తో హెచ్చవేస్తే 39,684. ధ్రువాల మీదుగా భూమి అసలు చుట్టుకొలత 40,008 అని లెక్కల సారు బోర్డు మీద రాశాడు. తరగతిలో చీమ చిటుక్కుమనలేదు. తేడా 324.

"తప్పు మనదా, వాళ్ళదా టీచర్?"

నేను నోరు తెరిచేలోపే వెనక బెంచీ పిల్ల అంది, "మన చుక్క లావుగుంది. అట్లాసుల గీత గూడ లావే. వాళ్ళది సూస్తేగాని తెల్వదు. అడుగుదాం." నా ఫోన్ హాట్‌స్పాట్‌తో స్మార్ట్ బోర్డు మీద కాల్ కలిపాం. అటువైపు పిల్లలు కూడా అదే లెక్క వేసి అదే అడగబోతున్నారట. వాళ్ళ కర్ర కొంచెం వంగిందని వాళ్ళే చెప్పారు. మావాళ్ళు గుండుదారం కెమెరా ముందు పెట్టి చూపించారు.

తరవాత మాటలు రంజాను మీదికి మళ్ళాయి. మొంబాసా అమ్మాయి ఒకతి ఇఫ్తారుకు ఇంట్లో బొకొబొకొ వండుతారని చెప్పింది. గోధుమలు, మాంసం గంటలకొద్దీ ఉడికించి మెదుపుతారట. మా బార్కస్ పిల్లవాడు కుర్చీలోంచి లేచాడు. "అది హరీస్!" బార్కస్ అంటే బ్యారక్స్. నిజాం సైన్యంలో చేరిన అరబ్బులు ఉన్న చోటు. వాడి ముత్తాతల ముత్తాతలు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చారు. వాడు ఇంగ్లీషులో రెండే మాటలన్నాడు. మై పీపుల్, హద్రమౌత్. అటువైపు కాసేపు ఏమీ వినపడలేదు. లైను పోయిందనుకున్నాను. తరవాత ఆ అమ్మాయి అంది, మా తాతవాళ్ళూ అక్కడివాళ్ళే.

హద్రమౌత్ వాళ్ళు ఒకవైపు స్వాహిలీ తీరానికి, ఒకవైపు హైదరాబాదుకు వలసపోయారని నాకు తెలుసు. పుస్తకంలో చదివాను. మా హైదరాబాదులోనే ఉన్న ఏసీ గార్డ్స్ అనే పేటలో ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ అని కూడా పిల్లలకు చెప్పి ఉన్నాను. కానీ ఒకే ఎడారి లోయ నుంచి రెండు దిక్కులకు పోయిన కుటుంబాల పిల్లలు నా తరగతి గదిలో ఒకరినొకరు చూసుకుంటారని ఊహించలేదు. ఇద్దరూ ఏమీ మాట్లాడలేదు. వాడు చెయ్యి ఊపాడు. ఆ పిల్ల కూడా ఊపింది. హెచ్ఎమ్ మేడమ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. నేను వెనక్కి తిరిగి బోర్డు తుడిచాను, అక్కడ తుడవాల్సిందేమీ లేకపోయినా.

గదికి తాళం వేస్తుంటే వెనక బెంచీ పిల్ల ఇంకా అక్కడే ఉంది. అసలు నీడ లేని రోజు మనకు ఎప్పుడొస్తుందని అడిగింది. మే 9 ప్రాంతంలో, మళ్ళీ ఆగస్టు మొదట్లో అన్నాను. మొంబాసాకు పది రోజుల కిందటే వచ్చి పోయింది, ఇక అక్టోబరులోనే. మేలో బడికి సెలవులు కదా, ఆగస్టులో చూద్దామా అంటే తల అడ్డంగా ఊపింది. ఆగస్టులో మబ్బులుంటయి టీచర్, నేను మేలనే వస్త.

అటెండర్ అన్నను అడిగాం. మే 9న పదకొండున్నరకు గేటు తీసి ఉంచుతానన్నాడు. కర్రను స్టాఫ్‌రూమ్ బీరువా వెనక నిలబెట్టి వచ్చాను.