పాలంపేటలో శివరాత్రి

గుండె ఆపరేషన్ తరువాత నాన్న మళ్లీ తన కాళ్లమీద నడిస్తే, శివరాత్రికి రామప్ప దర్శనం చేయిస్తానని మొక్కుకున్నాను. మొన్న ఆ మొక్కు తీరింది.

ములుగు దాకా ప్రయాణం ఎలా సాగిందో సరిగా గుర్తులేదు. పాలంపేట దగ్గరపడి, రోడ్డు పక్కన యాసంగి వరి పచ్చగా కనిపించగానే నాన్న కిటికీ వైపు జరిగారు. "రామప్ప చెరువు నీళ్లే కదా?" అన్నారు. జీవితమంతా వ్యవసాయం చేసిన మనిషి, గుడి గోపురం కంటే ముందు ఆయకట్టునే చూస్తారు. కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు 1213లో గుడి నిలబెట్టిన ఊరు ఇది. ఆనాటి చెరువు కిందే ఈనాటికీ నాట్లు పడుతున్నాయి.

వరుసలో మాత్రం నరకం చూశాం. నెత్తిన ఎండ, వెనక నుంచి తోపులు, ముసలివాళ్లని కూడా చూడని తొందర. నాన్నకు కళ్లు తిరిగాయి. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. అప్పుడు మారేడు దళాల బుట్టతో ముందు నిలబడ్డ ఆ ఊరి రైతమ్మ ఒకావిడ నాన్న చేయి పట్టుకుని చెట్టు నీడకు నడిపించింది. ఉపవాసమని నాన్న నీళ్లు వద్దన్నారు.

"తాగు పెద్దయ్యా. పొద్దంతా నీళ్లు పోయించుకునే దేవుడు నిన్ను నీళ్లు తాగొద్దంటాడా?" అంది.

నాన్న తాగారు. ఆమె మా స్థలం పోకుండా వరుసలో చూసుకుంది, బుట్టలోంచి గుప్పెడు మారేడు దళాలు కూడా ఇచ్చింది. డబ్బు ఇవ్వబోతే చేయి వెనక్కి తీసుకుంది.

గర్భగుడి ముందు మాకు దొరికింది కొన్ని క్షణాలే. హారతి వెలుగు పైకి లేచింది. అభిషేకజలంతో తడిసిన రామలింగేశ్వరుడు నల్లగా మెరిశాడు. నాన్న పెదవులు కదులుతున్నాయి, ఏం కోరుకున్నారో నేను అడగలేదు. "జరగండి, జరగండి" అని ఎవరో భుజం పట్టి లాగారు. అయినా చూశాను, కళ్లారా చూశాను.

2021లో యునెస్కో గుర్తింపు వచ్చినందుకు గర్వంగానే ఉంది. కానీ నల్లరాతి మదనికల (నాట్యభంగిమల్లోని స్త్రీ శిల్పాల) కింద ఫోటోల కోసం ఒకరినొకరు నెట్టుకోవడం, శిల్పాలను తట్టి చూడడం మనసుకు కష్టం కలిగించింది. ఎనిమిది వందల ఏళ్లు నిలిచిన రాయి, కాస్త మర్యాదైనా ఇవ్వవద్దా?

తిరిగి వెళ్లేముందు చెరువు కట్ట ఎక్కుదామని నాన్నే పట్టుబట్టారు. అక్కడ ఒక రైతుతో తూము గురించి, ఎరువుల గురించి మాట్లాడుతూ బస్సు సంగతే మరిచిపోయారు. ఆపరేషన్ అయ్యాక ఆయన అంతసేపు నిలబడి మాట్లాడడం అదే మొదటిసారి.